బల్ల కింద చేతులు

ఎండలు ముదరకముందు ఒక పరిశోధకురాలు నంద్యాలలో మా ఇంటికి వచ్చింది. విద్యార్థుల స్వభావానికీ పరీక్షల్లో కాపీ కొట్టడానికీ ఉన్న సంబంధం మీద ఆమె పీహెచ్‌డీ చేస్తోంది. నంద్యాల, ఆళ్లగడ్డ కాలేజీలన్నీ తిరుగుతున్నానని చెప్పింది. పాత విలేకరిని కదా, ఏటా పరీక్షల వార్తలు రాసి ఉంటానని ఎవరో చెబితే వెతుక్కుంటూ వచ్చింది.

పద్ధతైన అమ్మాయి. చెప్పులు గుమ్మం బయట వరసగా విడిచింది. కాఫీ ఇస్తే రెండు చేతులతో అందుకుంది. మనిషిలో క్రమశిక్షణ ఎంత, నలుగురిలో కలిసే గుణం ఎంత, భయం ఎంత, ఎదుటివాళ్ల మాట కాదనలేని మెత్తదనం ఎంత, ఇవన్నీ ప్రశ్నలు వేసి కొలుస్తారట. చివర్లో "ఎప్పుడైనా కాపీ కొట్టారా?" అని అడుగుతారట. పేరు రాయనక్కర్లేదు కాబట్టి పిల్లలు నిజమే చెబుతారని ఆమె నమ్మకం.

"పిల్లలు బాగా సహకరిస్తున్నారు సార్," అంది. "ఒక ఎంబీఏ కాలేజీలో అయితే ఒకబ్బాయి అన్నీ తనే పంచి, తనే ఏరి, వరసగా సర్ది ఇచ్చాడు. మీ అనుభవంలో చెప్పండి. ఎలాంటి మనస్తత్వం ఉన్నవాళ్లు కాపీ కొడతారు?"

"ఎవరు కొడతారో నాకు తెలియదమ్మా. ఎవరు దొరుకుతారో మాత్రం తెలుసు," అన్నాను.

ఆమె నవ్వింది. పేపరు మనిషి చమత్కారం అనుకుంది కాబోలు, రాసుకుంది కూడా. నేను చమత్కారానికి అనలేదు.

నంద్యాల ఇంకా జిల్లా కేంద్రం కాని రోజుల నుంచీ పరీక్షల కాలం వస్తే మా పనుల్లో ఒకటి స్క్వాడ్ వెంట వెళ్లడం. జీపులో వెనక సీటు విలేకరులకు. ఏ సెంటర్లో ఎందరు డిబార్ అయ్యారన్నది సాయంత్రానికి డెస్క్‌కు పంపితే చాలు, వాళ్లెవరో, ఏమయ్యారో ఎవరూ అడిగేవారు కాదు. ఆ స్క్వాడ్లలో ఒకాయన ఉండేవాడు. వేరే ఊళ్లో లెక్చరర్, పనిమంతుడని పేరు. ఆయన గదిలోకి దూరి జేబులు తడిమే రకం కాదు. గుమ్మంలో ఊరికే నిలబడేవాడు.

"చీటీలు ఎతకకూడదన్నా," అని ఒకసారి చాగలమర్రి హైవే పక్కన టీ తాగుతూ నాకు చెప్పాడు. "ముఖాలు చూడాల. నన్ను చూడంగానే ఎవురు కదిలితే నేరుగా వాళ్ల కాడికి పోవాల. చేతులు బల్ల కింద ఉండాయంటే ఇంక పని అయిపోయినట్టే."

"కదలనివాళ్లు?"

"వాళ్లతో మనకేం పనన్నా? వాళ్లు గుండె గలోళ్లు."

దొరికినవాళ్లను నేను వరండాల్లో చూసేవాణ్ని. కళ్లు ఎర్రబడి, హాల్ టికెట్ నలిపేస్తూ నిలబడేవాళ్లు. మొదటిసారి తెచ్చుకున్నవాళ్లు. తెచ్చుకుని బయటికి తీయలేకపోయినవాళ్లు. ఎవరో విసిరితే ఏం చేయాలో తోచక గుప్పిట్లో పట్టుకున్నవాళ్లు. ఒళ్లో పెట్టుకుని ధీమాగా రాసుకునే రకం ఆ వరసలో ఎప్పుడూ కనబడలేదు.

మా అక్క కూతురు కూడా అలాంటి వరండాలో ఒక మధ్యాహ్నం నిలబడింది.

అక్కావాళ్లది గోస్పాడు దగ్గర ఊరు. బావ ప్రాథమిక పాఠశాలలో టీచరు. ఆదివారం చర్చిలో వాక్యం చదివేదీ ఆయనే. ఆ ఇంట్లో ప్రార్థన కానిదే ముద్ద ముట్టరు. ప్రార్థనకు బావ నేర్పిన పద్ధతి ఒకటి ఉంది. చేతులు జోడించి పైకెత్తి నలుగురికీ చూపించకూడదు. తల దించుకుని, కళ్లు మూసుకుని, చేతులు ఒళ్లో పెట్టుకోవాలి. "దేవునికి కనపడితే సాలు, ఊరికి కనపడే పని లేదు" అనేవాడు. ఆ పిల్లకు అది ఊపిరి తీసినంత అలవాటు. అన్నం ముందే కాదు, బస్సు ఎక్కి కూర్చున్నా, లెక్క తెగకపోయినా, చేతులు ఒళ్లోకి వెళ్లిపోయేవి.

చిన్నప్పటి నుంచి మాట విషయంలో ఒక రకం చాదస్తం. ఒకసారి వాళ్ల బడిలో పలక పగిలింది. ఎవరు పగలగొట్టారని బావ అడిగితే పిల్లలందరూ ఒకణ్ని చూపించారు. ఈమె మాత్రం "పగిలింది చూసినా నాయనా, పగలగొట్టింది చూడలా" అంది. మేం చాలా రోజులు ఆ మాట చెప్పుకుని నవ్వుకున్నాం.

డిగ్రీ నంద్యాలలో చదివింది. ఆఖరి సెమిస్టర్‌కు సెంటర్ ఆళ్లగడ్డలో పడింది. ఆ ఏడే డిగ్రీ పూర్తి చేసి, బీఈడీలో చేరి, తండ్రిలాగా టీచరు కావాలన్నది ఆమె ఆశ. అంతకు మించి ఇంకేదైనా అడగడం నేను వినలేదు.

పరీక్ష గదుల్లో మా ప్రాంతంలో ఒక మర్యాద ఉంది. దాన్ని 'చూపించడం' అంటారు. బాగా చదివినవాళ్లు రాసిన కాగితాన్ని పక్కవాడికి కనబడేలా రవ్వంత జరపాలి. జరపకపోతే అది చదువు కిందికి రాదు, పొగరు కిందికి వస్తుంది. మా పిల్ల జరపదు. అందుకని ఆమెకు 'పాస్టరమ్మ' అని పేరు పెట్టారు.

"ఏం పాస్టరమ్మా, కాగితం రవ్వంత జరిపితే పరలోకంలో సీటు పోతాదా?" అని వెనక బెంచీ కుర్రాడు అనేవాడట. వాళ్లది చాగలమర్రి వైపు పాతకాలం నుంచీ భూములున్న రైతు కుటుంబం. నవ్వుముఖం. అటెండర్‌ను 'మామా' అంటాడు, ఇన్విజిలేటర్లకు మజ్జిగ తెప్పిస్తాడు, ఎవరి బండి స్టార్ట్ కాకపోయినా తనే దిగి కిక్ కొడతాడు. మా పిల్లకు కూడా అతని మీద కోపం లేదు. "మంచోడే మామా, ఊరికే ఎగతాళి చేస్తాడు" అనేది.

ఆ రోజు ఎకనామిక్స్ పేపరు. తర్వాత జరిగింది నాకు కొంత మా పిల్ల చెప్పింది, కొంత ఆ గదిలో ఇన్విజిలేటర్‌గా ఉన్నాయన చెప్పాడు. ద్రవ్యోల్బణం మీద పెద్ద ప్రశ్నకు ఆమె జవాబు రాసేసింది. తర్వాతి ప్రశ్న దగ్గర ఆగింది. పెన్ను పక్కన పెట్టి, తల దించి, కళ్లు మూసుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుంది.

అదే క్షణంలో గుమ్మంలోకి స్క్వాడ్ వచ్చి నిలబడింది. పనిమంతుడని చెప్పానే, ఆయనే.

గదంతా తలెత్తి బిగుసుకుపోయింది. తల ఎత్తనిది ఒక్క మనిషి. చేతులు బల్ల కింద ఉన్నదీ ఒక్క మనిషివే. ఆయన నేరుగా వెళ్లాడు.

"ఏందమ్మా కింద చేస్తాండావ్?"

ఆమె ఉలిక్కిపడి లేచింది. "ప్రార్థన చేస్తాండా సార్."

గది ఘొల్లుమంది. ఆయన వంగి ఆమె బెంచీ కింద నుంచి ఒక చీటీ తీశాడు. జిరాక్సు షాపుల్లో అక్షరాలు చీమలంత చేసి ఇస్తారే, అలాంటిది. "ఇదేనా నీ బైబులు?" అన్నాడు. మళ్లీ నవ్వులు.

"నాది కాదు సార్."

"ఎవురిది మళ్ల?"

"చూడలేదు సార్. కాగితం జారిన చప్పుడు ఇనపడింది. ఎవురేసింది చూడలేదు."

"చప్పుడు ఎట్నుంచి వచ్చింది? వెనకనుంచా?"

"కండ్లు మూసుకోనుంటి సార్. ఎట్నుంచో చెప్పలేను."

వెనక నుంచి అని ఒక్క మాట అనుంటే వెనక బెంచీ జేబులు చూసేవారు. ఇన్విజిలేటర్ ఈ మాట నాతో విచారంగానే అన్నాడు. "ఆ పాప అబద్ధం చెప్పలేదు సార్. అనుమానం గూడా చెప్పలేదు. అట్లాంటోళ్లని ఎట్ల కాపాడేది?"

బావ ఫోన్ చేస్తే ఇద్దరం నంద్యాల బస్టాండులో కలుసుకుని ఆళ్లగడ్డ బస్సెక్కాం. శిరివెళ్ల దాటాక ఆయన "బీఈడీ ఎంట్రన్సుకి ఫీజు కట్టిందప్పా నిన్ననే" అన్నాడు. ఆళ్లగడ్డలో దిగితే అహోబిలం జీపుల వాళ్లు మమ్మల్ని యాత్రికులనుకుని "రాండి రాండి, సీట్లు ఉండాయి" అని చుట్టుముట్టారు. బావ వాళ్లందరికీ చేతులు జోడిస్తూ దారి చేసుకున్నాడు. ఏ తప్పుకు క్షమాపణ అడుగుతున్నాడో ఆయనకే తెలియాలి.

కాలేజీ గేటు దగ్గర ఒక కుర్రాడు మా కోసమే ఉన్నట్టు ఎదురొచ్చాడు. చేతిలో చల్లటి నీళ్ల సీసా. "సార్, మీరు పేపరాయన గదా? మా నాయనకి తెలుసు మీరు. ఆ పాప శానా మంచిది సార్. పొద్దుట్నుంచి నీళ్లు గూడా తాగలేదు. ఇది ఇయ్యండి," అని సీసా నా చేతిలో పెట్టాడు. వెనక బెంచీ కుర్రాడు అతనేనని నాకు అప్పుడు తెలియదు. మంచి పిల్లవాడనుకున్నాను.

పరీక్షల బాధ్యత చూసే చీఫ్ సూపరింటెండెంట్ గదిలో మా పిల్ల గోడ పక్కన నిలబడి ఉంది. ఏడవలేదు. ఆమె ముందు బల్ల మీద తెల్లకాగితం, పెన్ను. ఆయన చెడ్డవాడు కాదు. మమ్మల్ని కూర్చోబెట్టి, తలుపు దగ్గరగా వేయించి బావతో మాట్లాడాడు.

"మాస్టారూ, మీరూ ఈ పనిలో ఉండేవాళ్లే. దాచేదేముంది? 'చీటీ నాదే, మొదటి తప్పు, క్షమించండి' అని రాసిస్తే ఈ ఒక్క పేపరు పోతాది. సప్లిమెంటరీలో రాసుకుంటాది. నాది కాదు అని రాస్తే కమిటీకి పోతాది. కమిటీ ఎప్పుడు కూచుంటాదో ఎవురికీ తెలీదు. అంతవరకు అన్ని పేపర్లూ ఆపేస్తారు. బీఈడీ మాట మర్సిపోవాల."

"అది జిరాక్సు కాగితం. చేతిరాత లేదు. ఎవరిదైనా కావచ్చు," అన్నాను నేను.

"నాకు తెలుసన్నా. కానీ చీటీలో ఉండేది ఏ ప్రశ్నో, ఈ పాప అదే జవాబు రాసి పెట్టింది. బాగా రాసింది. అదే వచ్చింది కష్టం. ఖాళీగా ఇడిసిపెట్టింటే నేనే స్క్వాడాయనతో మాట్లాడింటి."

రాత్రింబవళ్లు చదివి రాసిన జవాబు ఆమె మీద సాక్ష్యమైంది. నేను విలేకరిగా చాలా విచిత్రమైన వాదనలు విన్నాను గానీ, ఇంత మర్యాదగా చెప్పిన వాదన వినలేదు.

"పేపర్లో రాస్తా బావా," అన్నాను.

"ఒద్దప్పా. ఆడపిల్ల. రాస్తే జిల్లా అంతా తెలుస్తాది," అన్నాడు. తర్వాత కూతురి వైపు చూడకుండా కాగితం ఆమె వైపు జరిపాడు. "రాయి తల్లీ."

"ఏమని రాయల్ల నాయనా?"

"సారు చెప్పినట్ల రాయి. దేవునికి తెలుసు."

"దేవునికి తెలిస్తే సాలునా? ఇది చదివేది సార్లు గదా."

బావ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మీ అమ్మకి ఏమని చెప్పేది? ఏడాది పోతాది పాపా. ఒక్క కాగితం. రాసేసి మర్సిపో," అన్నాడు. పలక పగిలిన రోజు కూతురి మాట విని గర్వంగా నవ్విన మనిషి. ఇప్పుడు ఆయన గొంతు నాకు కూడా కొత్తగా వినబడింది.

ఆమె కూర్చుంది. మార్జిన్ మడిచింది. పెన్ను మూత తీసి చీఫ్ సూపరింటెండెంట్‌ను అడిగింది.

"యాడ పెట్టుకున్న్యానని రాయల్ల సార్?"

ఆయనకు అర్థం కాలేదు. "ఏందమ్మా?"

"చీటీ సార్. జామెట్రీ బాక్సులో తెచ్చినానని రాయల్లనా, చున్నీలో అని రాయల్లనా? ఎప్పుడు తెచ్చినానని రాయల్ల?"

వెటకారం కాదు. నేను ఆమె ముఖం చూస్తూనే ఉన్నాను. ఏదైనా రాస్తే సరిగ్గా రాయాలి, అంతే. ఆయన కిటికీ వైపు తిరిగి "బాక్సులో అని రాయమ్మా" అన్నాడు. ఆమె రాసింది. గుండ్రటి అక్షరాలు, కొట్టివేతలు లేవు. చేయని తప్పును అంత శుభ్రంగా రాసిన కాగితం నేను మరొకటి చూడలేదు. సంతకం పెట్టి, మరోసారి చదువుకుని, ఒక చోట మరిచిపోయిన కామా పెట్టి ఇచ్చింది.

బయటికి వచ్చాక నీళ్ల సీసా ఇచ్చాను. తాగింది. "ఎవురిచ్చినారు మామా?" అని అడిగి, పోలికలు చెబితే "అవునా, పాపం" అంది.

ఆ కాగితం వల్ల మేలు కూడా జరగలేదు. సప్లిమెంటరీ రాసింది, మంచి మార్కులు వచ్చాయి. కానీ ఆ ఫలితాలు వచ్చేసరికి బీఈడీ ప్రవేశాలు ముగిశాయి. ఏడాది ఎలాగూ పోయింది. ఆ ఏడాది ఇంటి దగ్గర చిన్నపిల్లలకు ట్యూషన్ చెప్పింది. పక్కింటావిడ కొడుకును దింపుతూ, "ఏమ్మే టీచరమ్మా, మావానికి చదువు ఒక్కటే నేర్పు, చీటీలు వద్దు" అని నవ్వేదట. మా అక్క వారం రోజులు వాకిట్లోకి రాలేదు. బావ చర్చిలో వాక్యం చదవడం మానేశాడు. కళ్లజోడు సరిగా లేదని చెప్పాడు. కొత్త జోడు చేయించాక కూడా మళ్లీ చదవలేదు.

ఈ ఏడు ఆమె నంద్యాలలో బీఈడీలో చేరింది.

పరిశోధకురాలు వచ్చి వెళ్లిన కొన్నాళ్లకు నంద్యాల బస్టాండు ఎదురుగా టీకొట్టు దగ్గర నీళ్ల సీసా కుర్రాడు కనబడ్డాడు. చొక్కా ఇస్త్రీ, చేతిలో కొత్త ఫోన్. తనే గుర్తుపట్టి పలకరించి, వద్దన్నా నా టీకి తనే చెప్పాడు. ఎంబీఏ చదువుతున్నాడట.

"ఆ పాప ఎట్లుంది సార్?"

చెప్పాను. బీఈడీ ఏడాది ఆలస్యమైందని కూడా చెప్పాను. అతని ముఖం నిజంగానే చిన్నబోయింది.

"అది నా చీటీనే సార్," అన్నాడు. దాచుకోవాలన్న ఆలోచన కూడా లేదు. "స్క్వాడ్ జీపు చప్పుడు ఇనపడంగానే కాలితో ముందుకి తోసినా. ఆ పాప కాడ ఉంటే ఎవురూ పట్టరనుకున్నా సార్. అంత మంచి పాపని ఎవురు అనుమానిస్తారు? నాకేం తెలుసు అట్లయితాదని."

"మరి ఆ రోజు చెప్పలేదేం?"

"చెప్తే ఇద్దరం పోతాం గదా సార్. ఆమె ఎట్లాగూ దొరికిపోయింది. ఒకరన్నా బయటపడాల గదా." టీ గ్లాసు కింద పెట్టాడు. "అందుకే నీళ్లు పట్టుకోని నిలబడింటి."

ఆ మాట అతను మేలు చేసిన ధోరణిలోనే అన్నాడు. సగం టీ ఉన్న గ్లాసు నేనూ పక్కన పెట్టేశాను. మాట మార్చడానికో ఏమో, కాపీల మీద పరిశోధన చేస్తున్న అమ్మాయి మీ కాలేజీకి వచ్చిందా అని అడిగాను.

"వచ్చింది సార్. నేనే పంచిచ్చినా కాగితాలన్నీ. శానా మంచి మేడమ్."

"నువ్వేం రాశావు?"

"ఏముంది సార్, నేనెప్పుడూ దొరకలేదు, నా మీద కేసు లేదు. కొట్టలేదని టిక్కు పెట్టినా." అంటూనే నా బస్సు వచ్చిందని గమనించి, పరుగెత్తి నాకు కిటికీ పక్క సీటు ఆపాడు.

ఆ బస్సు గోస్పాడు వైపుది. అక్కావాళ్లింటికే వెళ్తున్నాను. ఆదివారం కాబట్టి మా పిల్ల ఇంట్లోనే ఉంది. టీకొట్టు దగ్గరి సంగతి చెప్పాలా వద్దా అని దారంతా ఆలోచించాను. చెప్పాను. పెరట్లో పప్పు చెరుగుతూ ఉంది, చేట ఆగలేదు.

"అట్లనా," అంది. చెరుగుతూనే, "చప్పుడు వెనకనుంచే వచ్చిందన్నమాట," అంది. ఇన్నాళ్లూ తెలియని సంగతి ఒకటి తెలిసింది, అంతే.

"మీ బీఈడీ కాలేజీకి కూడా వచ్చిందా ఆ పరిశోధన చేసే అమ్మాయి?" అని అడిగాను.

"వచ్చింది మామా. శానా ప్రశ్నలు. వస్తువులు సర్దిపెట్టుకుంటావా, చెప్పిన టయానికి పోతావా, ఊరికూరికే భయపడతావా అని. అన్నీ ఉన్నదున్నట్ల పెట్టినా."

"చివరి ప్రశ్న?"

"కాపీ కొట్టినావా అనేదా? కొట్టినా అని పెట్టినా."

"ఎందుకు తల్లీ? పేరు కూడా అడగలేదు కదా. నిజం రాయడానికి ఏమైంది?"

ఆమె చేట పక్కన పెట్టి నా వైపు చూసింది. ఇంత చిన్న విషయం నాకెందుకు తెలియడం లేదో ఆమెకు అర్థం కానట్టు ఉంది.

"సంతకం పెట్టి ఇచ్చినాం గదా మామా. ఆడొకటి ఈడొకటి రాస్తే ఎట్ల? రెండిట్లో ఒకటి అబద్ధం అయితాది గదా."

వస్తువులు సర్దిపెట్టుకునేదీ, చెప్పిన వేళకు వెళ్లేదీ, భయం ఎక్కువ ఉన్నదీ అయిన ఒక విద్యార్థిని కాపీ కొట్టినట్టు ఒప్పుకుందని ఇప్పుడు ఆ పరిశోధకురాలి కాగితాల్లో ఉంటుంది. పరిశోధకురాలికి ఫోన్ చేసి చెప్పవచ్చు. కానీ పేర్లు లేని ఆ దొంతరలో మా పిల్లది ఏదో ఆమెకు మాత్రం ఎలా తెలుస్తుంది?

అక్క భోజనానికి పిలిచింది. బావ ఇప్పుడు నేల మీద కూర్చోలేడు కాబట్టి ఒక బల్ల కొన్నారు. నలుగురం కూర్చున్నాం. ప్రార్థన చెప్పేది ఇప్పుడు అక్కే. బావ తల దించుకున్నాడు, చేతులు ఒళ్లోనే ఉన్నాయి. మా పిల్ల వైపు చూశాను. కంచానికి అటూ ఇటూ రెండు చేతులూ వేళ్లు విప్పి బల్ల మీద పెట్టుకుంది. తల ఎత్తి, కళ్లు తెరిచి, ఎదురుగా గుమ్మం వైపు చూస్తూ వాళ్లమ్మ ప్రార్థనకు చివర్లో ఆమేన్ అంది.